విలోమ వానప్రస్థం

గృహస్థుడు తన దేహంపై ముడతలను, తలపై నెరసిన వెంట్రుకలను, బిడ్డకు పుట్టిన బిడ్డను చూచిన పిమ్మట అరణ్యాన్ని ఆశ్రయించవలెనని మనుస్మృతి ఆరవ అధ్యాయం విధిస్తున్నది. భార్యను పుత్రుల సంరక్షణలో ఉంచి వెళ్ళవచ్చును, లేదా వెంట తోడ్కొని వెళ్ళవచ్చును. ఈ విధిని వైరాగ్యబోధగా మాత్రమే చదవడం అలవాటయినది. అందులో ఒక గృహవ్యవస్థ కూడా ఇమిడి ఉన్నది. ఇల్లు విడిచేవాడు వృద్ధుడు, ఇంట నిలిచేవాడు యువకుడు. అగ్నికార్యం, పొలం, గోవులు, అతిథి, దిక్కులేని మేనత్త, చదువుకొనే మేనల్లుడు, అందరి భారమూ నిలిచినవాని చేతికి వస్తుంది. వెళ్ళేవాడు నిశ్చింతగా వెళ్ళగలగడానికి కారణం నిలిచినవాడు ఉండడమే.

కలియుగంలో వానప్రస్థం వర్జ్యమని కొందరు నిబంధకారులు గ్రహించారు. కావున ఆచారంలో అది వీధి అరుగుకు, జపమాలకు, పురాణశ్రవణానికి కుదించుకొని నిలిచినది. అయినప్పటికీ క్రమం మారలేదు. వృద్ధుడు భారాన్ని దించుకొనేవాడు, యువకుడు ఎత్తుకొనేవాడు. నేటి తెలుగునాట ఆ క్రమం తలక్రిందులైనది. కొడుకు డాలస్‌కో, సిడ్నీకో, కనీసం బెంగళూరుకో ప్రస్థానం చేస్తున్నాడు. డెబ్బై ఏండ్ల తండ్రి కరెంటు బిల్లు, కౌలు లెక్క, భార్య మోకాళ్ళ నొప్పి, నాలుగు గదుల ఇల్లు మోస్తూ గృహస్థుడుగానే మిగిలిపోతున్నాడు. దీనిని విలోమ వానప్రస్థమనడం అసంగతం కాబోదు.

ఇది ఏ ఒక్క కులానికో, ఏ ఒక్క జిల్లాకో పరిమితమైన విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున కలిగే సంతానం 2.6. 2019-21 నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి దిగినది. జనసంఖ్య స్థిరంగా నిలవడానికి కావలసినది 2.1. ఏకసంతానులైన ఇద్దరు వివాహమాడితే ఆ దంపతులపై నలుగురు వృద్ధుల భారం పడుతుందన్నది గణితం తెలియనివారికీ తెలిసే లెక్క. ఆ నలుగురు రెండు ఊళ్ళలో ఉంటారు, ఆ ఇద్దరు మూడవ దేశంలో ఉంటారు.

ఈ పరిస్థితిని చూచి ఆస్తికలోకంలో చాలామంది చేసే నిర్ణయం ఒక్కటే: కలిప్రభావం, పిల్లలలో మాతృపితృభక్తి నశించినది. ఈ నిర్ణయం సులభమైనది గనుకనే దానిని సందేహించవలసి ఉన్నది. హైదరాబాదు సమీపంలోని చిలుకూరు బాలాజీ ఆలయానికి వీసాల దేవుడన్న ప్రసిద్ధి ఉన్నది. భక్తులు కోరిక విన్నవించుకొని 11 ప్రదక్షిణలు, అది నెరవేరిన తరువాత 108 ప్రదక్షిణలు చేస్తారు. వీసా వచ్చిన కొడుకుతోపాటు, కొన్నిసార్లు కొడుకుకు బదులుగా, చెమటలు కక్కుతూ తిరిగేవారు ఎవరు? తల్లిదండ్రులే. ఇంటర్మీడియట్ కళాశాల వసతిగృహంలో పదహారేండ్ల బిడ్డను వదలి వచ్చినవారు వారే. పొలం అమ్మి విదేశీ విశ్వవిద్యాలయానికి రుసుము కట్టినవారూ వారే. బిడ్డ వెళ్ళిపోవడం వారి సంకల్పం. సంకల్పం ఫలించినది. ఫలం చేతికి వచ్చిన తరువాత దానిని అపచారమనడం న్యాయం కాదు. సంకల్పం చేసేనాడు దాని ఉత్తరాంగాన్ని, అంటే బిడ్డ వెళ్ళిన తరువాతి ముప్పై ఏండ్లను, తల్లిదండ్రులు గాని, సమాజం గాని, ప్రభుత్వం గాని ఆలోచించలేదన్నదే ఇక్కడి లోపం.

మహాభారతం ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొన్నది. అరణ్యపర్వంలోని ధర్మవ్యాధోపాఖ్యానాన్ని సాధారణంగా పాతివ్రత్య మహిమకు, జన్మచేత గాక నడవడిచేత ఉత్తముడన్న సూత్రానికి ఉదాహరిస్తారు. కథ ముగింపును అంతగా పట్టించుకోరు. కౌశికుడు దుష్టుడు కాడు. వేదాధ్యయనం కోసం ఇల్లు విడిచిన బ్రహ్మచారి. కోపంతో చూచిన చూపుకు కొంగ చచ్చినంతటి తపస్సు అతనిది. మిథిలలో మాంసం అమ్ముకొనే ధర్మవ్యాధుడు అతనిని తన ఇంటికి తీసుకొనిపోయి, ఉన్నతాసనంపై కూర్చున్న వృద్ధులైన తల్లిదండ్రులను చూపి, తన దేవతలు వీరే అంటాడు. ఆపైన అసలు మాట చెబుతాడు: తల్లిదండ్రుల అనుజ్ఞ లేకుండా వేదం కోసం ఇల్లు విడిచి వచ్చావు, వారు శోకంతో చూపు కోల్పోయారు, వెళ్ళి వారిని ప్రసన్నులను చేసుకో. విద్య కోసం వెళ్ళడం మహాపాపమని వ్యాధుడు అనలేదు. వెళ్ళిన విద్య ఎంత పవిత్రమైనదైనా వెనుక మిగిలినవారి కన్నీటికి అది సమాధానం కాజాలదని అన్నాడు. వేదవిద్యకే లేని మినహాయింపు సాఫ్ట్‌వేర్ విద్యకు ఎక్కడిది? అయితే ఒక భేదం ఉన్నది. నేటి కౌశికుడు అనుజ్ఞ లేకుండా వెళ్ళలేదు, అనుజ్ఞతోనే, ఆశీర్వచనంతోనే, విమానాశ్రయంలో పూలదండతోనే వెళ్ళాడు. కావున బాధ్యత అతనొక్కనిపై మోపడానికి వీలులేదు. తిరిగి వచ్చే దారి అతనికి ఉన్నదా, రాలేకపోతే అతని స్థానంలో నిలిచేవారు ఎవరన్నది కుటుంబాన్ని దాటిన ప్రశ్న అవుతున్నది. అక్కడే రాజధర్మం ప్రవేశిస్తుంది.

రాజ్యం ఇప్పటికే కొంత చేసినది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చినది. అరవై ఏండ్లు నిండిన వృద్ధుడు తనను తాను పోషించుకోలేని స్థితిలో పిల్లలపై ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చును. దానికి రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయివారు అధ్యక్షత వహిస్తారు. నోటీసు అందిన 90 దినాలలో విచారణ ముగియవలెను. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల భరణం నిర్ణయించవచ్చును. వృద్ధుని పూర్తిగా విడిచిపెట్టాలన్న ఉద్దేశంతో ఎక్కడనైనా వదలివేస్తే మూడు నెలల వరకు కారాగారం, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సంతానం లేని వృద్ధుని విషయంలో అతని ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువుపై ఆ బాధ్యత ఉంచినది. సొత్తు గ్రహించినవాడే పిండం పెట్టవలెనని విష్ణుస్మృతి చెప్పిన న్యాయానికి ఇది ఆధునిక రూపమే. ఒక వ్యత్యాసం మాత్రం ఉన్నది: చట్టం పిండాన్ని బ్రతికి ఉండగానే పెట్టమంటున్నది. ఈ సవరణను ధర్మశాస్త్రాభిమానులు హర్షించవలెను.

వృద్ధులైన తల్లిదండ్రులను, సాధ్వియైన భార్యను, పసిబిడ్డను నూరు చేయరాని పనులు చేసియైనా పోషించవలెనని మనువు పేరిట వ్యాఖ్యాతలు ఉదాహరించే వచనమొకటి ఉన్నది. ఇతర ధర్మాలతో విరోధం వచ్చినప్పుడు పోషణధర్మానికి ఎంత బలం ఇచ్చారో దీనివలన తెలుస్తుంది. దక్షస్మృతి తల్లి, తండ్రి, గురువు, భార్య, సంతానం, దీనులు, ఆశ్రితులు, అతిథి, అగ్ని మొదలైనవారినందరినీ పోష్యవర్గమన్న ఒక్క పదం క్రిందికి తెచ్చినది. అర్చనలో సంకల్పం చెప్పేటప్పుడు వినిపించే 'సహకుటుంబానాం' అన్న మాటకు అర్థం ఈ పోష్యవర్గమే. ఒకే గోత్రం క్రింద నాలుగు దేశాలలో ఉన్న పేర్లు చదివించుకొనే యజమానులు నేడు ప్రతి ఆలయంలోనూ కనిపిస్తారు. పేర్లు కలుస్తున్నవి, పోషణ కలవడం లేదు.

2007 చట్టంలో అత్యంత ఉపయుక్తమైనది, అత్యల్పంగా తెలిసినది 23వ సెక్షను. తనను చూచుకోవలెనన్న షరతుతో వృద్ధుడు ఆస్తిని దానపత్రం ద్వారా గాని, మరొక విధంగా గాని పిల్లలకు వ్రాసి ఇచ్చి, వారు ఆ తరువాత చూడకపోతే, ఆ బదిలీని మోసంతో లేదా బలవంతంతో జరిగినదిగా భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చును. చిక్కంతా ఆ షరతులో ఉన్నది. గ్రామాలలో దానపత్రం వ్రాయించే తండ్రి షరతు వ్రాయమని అడగడు. అడగడానికి సిగ్గు. కొడుకును నమ్మనట్లవుతుందని భయం. వ్రాసే లేఖరి పాత నమూనానే దించుతాడు. పత్రంలో 'ప్రేమానురాగాలతో' అన్న మాట ఉంటుంది, 'పోషణ' అన్న మాట ఉండదు. మూడేండ్ల తరువాత అదే తండ్రి ఇంటి వెనుక రేకుల షెడ్డులోకి మారితే, షరతు ఎక్కడ ఉన్నదని ఎదుటివారు అడుగుతారు. షరతును నిరూపించవలసినదేనని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో అన్నది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఈ చట్టం వృద్ధుల మేలు కోసం ఏర్పడినది గనుక ఉదారంగా అన్వయించవలెనని చెప్పి, కొడుకు పేర వ్రాసిన దానపత్రాన్ని రద్దు చేసి తల్లికి ఆస్తిని తిరిగి ఇప్పించినది. అది సంతోషకరమే. కాని సుప్రీంకోర్టు మెట్లెక్కగలిగే తల్లులు ఎందరుంటారు?

దీనికి పరిష్కారం రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనే ఉన్నది. అరవై దాటినవారు సంతానానికి దానపత్రం లేదా సెటిల్‌మెంటు పత్రం వ్రాసే ప్రతి సందర్భంలోనూ పోషణ షరతును నమూనాలోనే ముద్రించి ఉంచవలెను. వద్దనుకొనేవారు దానిని కొట్టివేయించుకొనవలెను, కావాలనుకొనేవారు నోరు తెరచి అడగవలసిన అవసరం ఉండరాదు. సబ్ రిజిస్ట్రారు దానిని వృద్ధునికి తెలుగులో చదివి వినిపించవలెను. ఖజానాకు దీనివలన ఒక్క రూపాయి భారం లేదు. యాజ్ఞవల్క్యుడు దానప్రకరణంలో కుటుంబపోషణకు విరోధం రానంతవరకే స్వధనాన్ని దానం చేయవచ్చునని నియమించాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను కేతన పదమూడవ శతాబ్దంలోనే విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. తెలుగువారి వ్యవహారశాస్త్రానికి ఏడు వందల ఏండ్ల క్రితమే తెలిసిన జాగ్రత్తను నేటి దస్తావేజు నమూనాలో చేర్చడానికి ఏ అడ్డంకి ఉన్నదో అధికారులు చెప్పవలెను.

దండనమార్గాన్ని గురించి ఒక మాట. అస్సాం 2017లో చేసిన చట్టం తల్లిదండ్రులను ఉపేక్షించే ప్రభుత్వోద్యోగి జీతంలో 10 శాతం వరకు కోసి వారికి ఇప్పిస్తున్నది. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025లో అటువంటి ఆలోచననే ప్రకటించారు. బుద్ధిపూర్వకంగా ఉపేక్షించేవానికి దండనం తగినదే, దండనీతి లేని రాజ్యాన్ని ఏ శాస్త్రమూ ప్రశంసించలేదు. అయితే ఈ దండనం చేరేది ప్రభుత్వోద్యోగులను మాత్రమే. టెక్సాస్‌లో ఉన్న ఇంజనీరు జీతాన్ని అది తాకదు. కోయకు వచ్చిన మిరప కూలీ కొడుకుకు కోయడానికి జీతమే లేదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. దూరాన ఉన్న పిల్లలలో ధనం పంపనివారు తక్కువ. ధనం వస్తున్నది, మనిషి రావడం లేదు. శుశ్రూష అన్న పదానికి ధాత్వర్థం వినాలన్న ఇచ్ఛ. సేవ అన్న అర్థం దానికి తరువాత వచ్చినది. ముసలితల్లి చెప్పినదే చెబుతుంటే కూర్చొని వినడాన్ని ఏ ట్రిబ్యునలూ ఆదేశించలేదు.

పింఛను విషయంలో తెలుగు రాష్ట్రాలు కేంద్రం కంటె ఉదారంగా ఉన్నవి. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 79 ఏండ్ల వరకు నెలకు 200 రూపాయలు, 80 నుండి 500 రూపాయలు. ఆ 200 రూపాయలు 2007 నుండి కదలలేదు. ఆంధ్రప్రదేశ్ 2024 జూలై నుండి 4,000 రూపాయలు ఇస్తున్నది. దానిని ఉచితాల పద్దులో వేసి విసుగుకొనేవారు ఒక విషయం గమనించవలెను. ఒకటవ తేదీన గుమ్మం వద్దకు వచ్చే ఆ పైకంతో ఇంట్లో ముసలివారి స్థానం మారినది. మందుల కోసం చేయి చాచే అత్తగారు మనుమరాలికి పుస్తకం కొని ఇచ్చే నాయనమ్మ అయినది. దాత కాగలగడం మానవునికి అవసరం. గృహస్థధర్మంలో ప్రధానమైనది అదే. ఇక వైద్యానికి, 70 ఏండ్లు దాటిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల రూపాయల బీమాను కేంద్రం 2024 అక్టోబరు చివరన ప్రారంభించినది. అయితే బీమా ఆసుపత్రి మంచం వరకే వస్తుంది. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత పక్క మార్చేవారు ఎవరు?

ఈ ప్రశ్నకు పూర్వం సమాధానం తయారుగా ఉండేది: కోడలు. ఉమ్మడి కుటుంబాన్ని స్వర్ణయుగంగా స్మరించేవారు ఆ బంగారాన్ని ఎవరు మోసారో చెప్పరు. అందరూ తిన్న పిమ్మట మిగిలినది తిన్న కోడలు, బాల్యంలోనే వైధవ్యం ప్రాప్తించి వంటింటికి అంకితమైన ఆడపడుచు, వారి నిశ్శబ్ద సేవపై ఆ వ్యవస్థ నిలిచినది. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు మొదటి వితంతువివాహం జరిపించినప్పుడు ఆస్తికలోకం ఆగ్రహించినది. ఆ ఆగ్రహంలో శాస్త్రాభిమానంతోపాటు, ఇంట్లో జీతం లేని సేవకురాలు పోతున్నదన్న భయమూ కొంత ఉండి ఉంటుంది. ఉమ్మడి కుటుంబంలోని ఆదరణను కోరుకోవడంలో తప్పులేదు. దాని మూల్యాన్ని మరల స్త్రీలచేతనే చెల్లింపజేయాలని కోరుకోవడం మాత్రం అధర్మం. 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు భరణపు పరిమితిని తొలగిస్తూనే, కోడళ్ళను, అల్లుళ్ళను కూడా బాధ్యుల జాబితాలో చేర్చాలన్నది. అది చట్టం కాలేదు. మరల వస్తే, కోడలికి బాధ్యత వ్రాసే చేతితోనే ఆమెకు ఏమి ఇస్తారో కూడా వ్రాయవలెను. కేంద్రప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ కోసం ఉద్యోగకాలంలో మొత్తం 730 దినాల సెలవు ఉన్నది. వృద్ధుల సంరక్షణకు దానితో సమానమైన ప్రత్యేక సెలవు లేదు. పసిబిడ్డ విషయంలో ప్రభుత్వం అంగీకరించిన న్యాయాన్ని ముసలిబిడ్డ విషయంలో అంగీకరించకపోవడానికి కారణం కనబడదు. ఆ సెలవు స్త్రీపురుషులిద్దరికీ ఉండవలెనన్నది వేరే చెప్పనక్కరలేదు.

కుమార్తెల విషయంలో ఆస్తికుల ఇండ్లలోనే సవరించుకోవలసినది ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌టీఆర్ ప్రభుత్వకాలంలో వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుండి, దేశమంతటా 2005 సెప్టెంబరు నుండి, పిత్రార్జితంలో కుమార్తెకు జన్మసిద్ధమైన భాగం లభించినది. పోషణ బాధ్యత అంతకు ముందే ఉన్నది: 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధులైన తల్లిదండ్రుల పోషణను కొడుకుకూ కూతురికీ సమానంగా విధించినది. అయినప్పటికీ కూతురి ఇంట ఉండరాదు, అల్లుని అన్నం తినరాదన్న మాట పట్టుకొని, ఏకపుత్రిక పక్క వీధిలోనే ఉన్నా ఒంటరిగా వంట చేసుకొని కాళ్ళు విరుగగొట్టుకొనే దంపతులు ఉన్నారు. పుత్రికకు పుట్టిన దౌహిత్రుని పౌత్రునితో సమానంగా ఎంచిన మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం వారికి ఎవరూ చెప్పినట్లు లేదు.

అపరకర్మ విషయమూ ఇటువంటిదే. కొడుకు లేకపోతే గతి లేదన్న భయంతో వృద్ధులు దూరపు జ్ఞాతి చేతికి ఆస్తి వ్రాసిన ఉదంతాలు అపూర్వం కావు. నిర్ణయసింధువు, ధర్మసింధువు వంటి నిబంధగ్రంథాలు కర్మాధికారులను వరుసగా లెక్కిస్తూ పుత్రపౌత్రులు లేనిచోట పత్నిని, కుమార్తెను, దౌహిత్రుని కూడా పేర్కొన్నవి. వారి క్రమం విషయంలో మతభేదాలున్నవి, వారు అసలే లేరన్న మతం లేదు. ఈ మాటను పురోహితులు శ్మశానంలో కాక, ముందుగా, ఆరోగ్యంగా ఉన్న దంపతులకు సత్యనారాయణ వ్రతం నాడే చెప్పవలెను. భయం తొలగితే సగం దానపత్రాలు వ్రాయబడవు. విదేశాలలో ఉన్న కొడుకులు ఆబ్దికం ఎప్పుడని ఫోనులో అడిగినప్పుడు కూడా ఇండియా పంచాంగంలోని తేదీ చెప్పి పంపివేయడం సరికాదు. ప్రత్యాబ్దికానికి అపరాహ్ణవ్యాప్తి గల తిథి గ్రాహ్యం. డాలస్‌లో అపరాహ్ణం ఇక్కడి అర్ధరాత్రి తరువాతిది. అక్కడ చేసేవాడు అక్కడి తిథినే చూచుకోవలెను, అది ఒక్కొక్కప్పుడు ముందు రోజునే రావచ్చును. ఇంత శ్రద్ధ చచ్చిన తండ్రి తిథిపై పెట్టేవారు బ్రతికిన తల్లి పుట్టినరోజు తిథిని కూడా వ్రాసి ఉంచుకొంటే మంచిది.

ఇక జనసంఖ్యావిధానం. ఇద్దరికంటె ఎక్కువ సంతానం ఉన్నవారు పంచాయతీ, పురపాలక ఎన్నికలకు అనర్హులన్న నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో మూడు దశాబ్దాలు ఉన్నది. 2024 నవంబరులో శాసనసభ దానిని తొలగించినది. తొలగించడం మంచిదే, బిడ్డను కన్నందుకు పౌరుని శిక్షించడం మొదటినుండి వికృతమే. కాని నిన్నటివరకు వద్దన్న నోటితోనే నేడు కనండని ప్రోత్సహించే ధోరణి కూడా అంతే అనుచితం. ప్రజోత్పత్తి ద్వారా పితృఋణం తీరుతుందని తైత్తిరీయసంహిత చెబుతున్నది. అది పితృదేవతలకు తీర్చే ఋణం, రాష్ట్రపు పార్లమెంటు స్థానాల సంఖ్యకు గాని, నలభై ఏండ్ల తరువాతి కార్మికశక్తికి గాని తీర్చే ఋణం కాదు. పైగా ఈనాడు పుట్టిన మూడవ బిడ్డ ఈనాటి డెబ్బై ఏండ్ల అవ్వకు మంచినీళ్ళు ఇవ్వలేదు. ఉన్న వృద్ధులకు ఉన్న మనుషులతోనే ఏర్పాటు చేయవలెను.

ఆ ఏర్పాటు గ్రామస్థాయిలో కష్టమైనది కాదు. 2019 అక్టోబరు నుండి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలున్నవి. ఒంటరిగా ఉన్న వృద్ధుల పట్టిక ప్రతి సచివాలయంలోనూ ఉండవలెను. పింఛను ఇచ్చే దినాన ఇచ్చేవారు వేలిముద్రతోపాటు ఒక చూపు కూడా ఇంటిలోపలికి సారించవలెను: పొయ్యి వెలిగినదా, మందులున్నవా, మనిషి లేచి నడుస్తున్నదా. వృద్ధులకు సహాయం కోసం 14567 అన్న దూరవాణి సంఖ్య దేశవ్యాప్తంగా ఉన్నదన్న సంగతి ఆలయాల నోటీసు బల్లలపై ఎక్కడా కనబడదు. పూజల రుసుముల పట్టిక పక్కన దానికి జాగా దొరకకపోదు. రెవెన్యూ డివిజనల్ అధికారికి భూములు, ఎన్నికలు, వరదల నడుమ ట్రిబ్యునల్ పదవ పని అవుతున్నది. నెలకు ఒక నిర్ణీత దినాన ఆయన మండలకేంద్రానికి రావడం నియమంగా పెట్టవలెను.

వృద్ధాశ్రమాల విషయంలో ఆస్తికుల అసహ్యభావం పునరాలోచింపదగినది. జిల్లాకు ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రయమిచ్చే గృహాలను రాష్ట్రాలు ఏర్పాటు చేయవచ్చునని 2007 చట్టం చెప్పినది. 'చేయవచ్చును' అన్న క్రియాపదం చాలా ఆలస్యాలకు ఆశ్రయమిచ్చినది, దానిని 'చేయవలెను' అని మార్చవలెను. బలవంతంగా చేర్చబడినవానికి అది చెరసాల అన్నది నిజం. తానే కోరి, సమవయస్కుల నడుమ, త్రికాలాలలో దేవతార్చన, పారాయణం, పథ్యాహారం, పిలిస్తే పలికే నర్సు ఉన్నచోటికి వెళ్ళిన దంపతులకు అది వానప్రస్థానికి ఉన్న సామీప్యం మూడవ అంతస్తులోని తాళం వేసిన ఫ్లాట్‌కు లేదు. విలోమమైన క్రమం కొంతవరకు సరిపడేది ఇక్కడనే. వృద్ధుడు భారాన్ని దించుకొంటాడు. ఇంటి తాళం, పొలం లెక్క, ఫలానా వారి కౌలు బాకీ ఎవరైనా చూచుకోనీ. సంకల్పం తనది కావలెను, అంతే.

ఆలయాలు కూడా ఇందులో చేయవలసినది ఉన్నది. అనేక గ్రామాలలో మధ్యాహ్న నివేదన అయిన పిమ్మట సాయంకాలం వరకు ముఖమండపం ఖాళీగా ఉంటుంది. ఎండ తగలని చల్లని రాతినేల, చేతిపంపు, రావిచెట్టు, చాలాచోట్ల ఒక పాత సత్రం గది. అదే సమయంలో అదే వీధిలో పది ఇండ్లలో పదిమంది వృద్ధులు ఒంటరిగా టీవీ ముందు కునుకుతుంటారు. అన్నదానం ఉన్న క్షేత్రాలలో దూరప్రాంతపు యాత్రికునికి విస్తరి దొరుకుతుంది, ఎదురింటి అవ్వకు దొరకదు. ఆమె యాత్రికురాలు కాదు గనుక. దేవాదాయశాఖ ఒక ఉత్తర్వుతో ఈ మండపాలను మధ్యాహ్నం వృద్ధుల కోసం తెరచి ఉంచవచ్చును. ఒక పూట భోజనం, రక్తపోటు చూచే మనిషి వారానికి ఒకసారి, పేపరు చదివి వినిపించడానికి ఒక హైస్కూలు పిల్లవాడు చాలును. ఊరి బయటి కొడుకులు విదేశాల నుండి గోపురాల సున్నానికి, వెండి తొడుగులకు పంపే విరాళంలో పదవ వంతు దీనికి మళ్ళించమని అర్చకులే అడగవచ్చును. అడిగితే ఇస్తారు. దూరాన ఉన్నవారి మనస్సులో తల్లి మధ్యాహ్నం ఏమి తిన్నదన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. దానికి ప్రతిదినం ఒంటిగంటకు ఎవరో ఒకరు ఫోనులో జవాబు చెప్పే ఏర్పాటుకు పెద్ద పథకం అక్కరలేదు.